తాళం పడిందని తెలిసినా చేయి ఆగదు: మాజీ సైనికుల ఓసీడీకి వీడియోలో చికిత్స

ఈ నెల చేరిన ఉత్తరాల్లో నాలుగింటిని ఒకచోట పెట్టి జవాబులు రాస్తున్నాను. నాలుగూ నెల్లూరు, ప్రకాశం ప్రాంతాల మాజీ సైనికుల ఇళ్ల నుంచి వచ్చినవే, నాలుగూ ఓసీడీ అనే ఒకే మానసిక జబ్బు గురించినవే. రాసినవారిని ఎవరూ గుర్తుపట్టకుండా పేర్లు, పల్లెలు, రెజిమెంట్ల వివరాలు తీసేశాం.

ప్రశ్న: మాది ఉదయగిరి వైపు ఒక పల్లె. మావారు సైన్యంలో ఇరవై నాలుగేళ్లు పనిచేసి హవల్దారుగా రిటైరయ్యారు. ఇంటికి వచ్చి ఆరేళ్లయింది, ఇప్పుడాయనకు నలభై తొమ్మిది. వచ్చిన కొత్తలో నెల్లూరులో ఒక బ్యాంకుకు గార్డుగా వెళ్లేవారు. తుపాకీలో తూటాలు సరిగా ఉన్నాయో లేదో, షట్టరు తాళం పడిందో లేదో అని మాటిమాటికీ చూసుకోవలసి వచ్చి, డ్యూటీ అయిపోయినా ఇంటికి రాలేక, చివరికి ఆ పని మానేశారు. ఇప్పుడు రాత్రయితే వీధి తలుపు గడియ, గ్యాసు సిలిండరు రెగ్యులేటరు, తోటలో బోరు మోటారు స్టార్టరు, ఈ మూడింటి చుట్టూ తిరుగుతూనే ఉంటారు. ముప్పై, నలభై సార్లు చూస్తారు. చూసి వచ్చి నన్ను లేపి, "పడింది కదా, ఒట్టేసి చెప్పు" అంటారు. ఊళ్లోవాళ్లు "మిలిటరీ ఆయన కదా, అంతా పద్ధతి" అని మెచ్చుకుంటారు. నెల్లూరులో డాక్టరుకు చూపిద్దామని రెండుసార్లు బయలుదేరాం. తాళం దగ్గరే గంటన్నర గడిచి రెండుసార్లూ బస్సు తప్పిపోయింది. హైదరాబాదులో ఉన్న మా అబ్బాయి, వీడియో కాల్‌లోనే చూసే డాక్టర్లు ఉన్నారంటున్నాడు. ఇలాంటిది ఫోన్లో చూస్తే నయమవుతుందా?

జవాబు: అమ్మా, చాలామందికి బాగా తగ్గుతుంది. మీవారి జబ్బు తీరు చూస్తే, నెల్లూరులో నా గదిలో కూర్చోబెట్టి చేసే వైద్యం కంటే మీ ఇంట్లోనే వీడియోలో చేసే వైద్యం ఆయనకు ఎక్కువ పనికొస్తుందని కూడా అనిపిస్తోంది.

దీన్ని అబ్సెసివ్ కంపల్సివ్ డిజార్డర్ అంటారు, క్లుప్తంగా ఓసీడీ. మన వైపు దీనికి చాదస్తం అనే పేరు స్థిరపడిపోయింది. ఆ పేరు వల్ల జరిగిన నష్టం అంతా ఇంతా కాదు, ఎందుకంటే చాదస్తానికి ఎవరూ వైద్యం చేయించరు. ఇంకొందరు అనుమానం జబ్బు అంటారు. ఆ మాటను మనవాళ్లు భార్యను శంకించే మగవాడికి కూడా వాడతారు కాబట్టి అదీ సరిపోదు. మీవారికి మనుషుల మీద అనుమానం లేదు. తన కళ్లు చూసినదాని మీద, తన చేయి చేసినదాని మీద ఆయనకు నమ్మకం నిలవడం లేదు. వద్దన్నా వచ్చే ఆలోచన ఒకటి, అది పెట్టే భయాన్ని చల్లార్చుకోవడానికి తప్పనిసరిగా చేసే పని ఒకటి, ఈ రెండూ కలిసి రోజులో గంటకు మించి తినేస్తూ, ఉద్యోగాన్నో నిద్రనో సంసారాన్నో దెబ్బతీస్తుంటే దాన్ని జబ్బుగానే లెక్కపెట్టాలి. నూటికి ఇద్దరు ముగ్గురికి జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు ఇది వస్తుంది. ఇది పిచ్చి కాదు, పిరికితనం కాదు, సైన్యం నేర్పిన పద్ధతీ కాదు.

ఆ చివరి మాట మీవారికి ప్రత్యేకంగా చదివి వినిపించండి. సైన్యంలో డ్యూటీ దిగిన జవాను తుపాకీ ఖాళీ చేసి, చూసి, చూపించి, కోత్‌లో (ఆయుధాలు భద్రపరిచే గదిలో) అప్పగించి, రిజిస్టరులో సంతకం పెడతాడు. సంతకం పడ్డాక ఆ పని అయిపోయినట్టే, భోజనానికి వెళ్లిపోతాడు. క్రమశిక్షణకు అలా ఒక ముగింపు ఉంటుంది. ఓసీడీలో తనిఖీ ఎన్నిసార్లు జరిగినా ఆ సంతకం మాత్రం పడదు. అందువల్ల ఆయనను చూసి "పద్ధతి మనిషి" అని మెచ్చుకోవడం తెలియక చేస్తున్న అన్యాయం. ఆ పొగడ్త వింటున్నంతకాలం తనకు జబ్బుందని ఒప్పుకోవడం ఆయనకు మరింత కష్టమవుతుంది.

ఎక్కువసార్లు చూస్తే నమ్మకం పెరగాలి కదా అని మీకు అనిపించవచ్చు. జరిగేది దానికి పూర్తిగా విరుద్ధం. 2003లో నెదర్లాండ్స్ పరిశోధకులు ఏ జబ్బూ లేని మామూలు మనుషుల చేత కంప్యూటరు తెర మీది గ్యాసు స్టవ్వును పదే పదే తనిఖీ చేయించి చూశారు. ఏ బర్నరు ఆపామన్నది వాళ్లకు సరిగానే గుర్తుంది, కాని ఆ గుర్తు మసకబారింది, దాని మీద నమ్మకం సడలింది. ఆరోగ్యంగా ఉన్నవాళ్లకే అలా అయినప్పుడు, రాత్రికి నలభైసార్లు రెగ్యులేటరు తిప్పి చూసే మనిషికి నలభై ఒకటోసారి చూడాలనిపించడంలో వింతేముంది? చూడడమే అనుమానానికి మేతగా మారింది. మీరు వేసే ఒట్టు కూడా ఆ మేతలో భాగమేనమ్మా, నొచ్చుకోవద్దు.

ఈ జబ్బుకు మాటల ద్వారా చేసే వైద్యాల్లో అన్నిటికంటే గట్టి ఆధారాలున్నది ఎక్స్‌పోజర్ అండ్ రెస్పాన్స్ ప్రివెన్షన్, వాడుకలో ఈఆర్‌పీ. లండన్‌లో విక్టర్ మేయర్ 1966లో ఇద్దరు రోగుల మీద దీని మొదటి రూపాన్ని ప్రచురించారు. భయపెట్టే సందర్భానికి తెలిసి తెలిసి ఎదురు నిలబడడం, ఆ భయాన్ని చల్లార్చే పనిని మాత్రం చేయకుండా ఉండడం, ఇదే అందులోని సారం. భయాలన్నిటినీ రాసుకుని, తక్కువ బెదురున్నదాని నుంచి ఎక్కువ బెదురున్నదాని వైపు మెట్టు మెట్టుగా వెళతారు. ఏ మెట్టు ఎప్పుడు ఎక్కాలన్నది రోగి, చికిత్సకుడు కలిసి నిర్ణయించుకుంటారు. బలవంతం పెట్టడం ఇందులో ఉండదు.

వీడియో ఎందుకు మేలంటే, మీవారి జబ్బు నెల్లూరులో లేదు. అది మీ వీధి తలుపు దగ్గర, మీ వంటగట్టు కింద, తోటలో స్టార్టరు పెట్టె దగ్గర ఉంది. నా గదిలో ఆయన చక్కగా కూర్చుని మాట్లాడతారు, ఎందుకంటే నా తలుపుకు తాళం పడకపోతే బాధ్యత నాది. కావలి వైపు ఒక మాజీ సైనికుడి వైద్యంలో జరిగినది ఆయన అనుమతితో చెబుతాను. ఫోనును బియ్యం డబ్బాకు ఆనించి పెట్టి, రెగ్యులేటరు ఒక్కసారి ఆపి, మళ్లీ తాకకుండా వసారాలోకి వచ్చి కూర్చోవడం ఆ రోజు మెట్టు. ఆయన ఫోను తీసుకుని వచ్చి కూర్చున్నారు. బెదురు నూటికి ఎంత అంటే ఎనభై అన్నారు. ముఖం నిబ్బరంగానే ఉంది. ఫోను కాస్త పక్కకు ఒరిగినప్పుడు ఆయన ఒడిలో ఉన్న కుడి చేయి కనిపించింది. బొటనవేలు చూపుడువేలి మీద రెగ్యులేటరు తిప్పినట్టు ఎడమకు తిరుగుతోంది, ఆగుతోంది, మళ్లీ తిరుగుతోంది. మనసులోనే వందసార్లు ఆపుకుంటున్నారన్నమాట. అలా రహస్యంగా చేసే తనిఖీ సాగినంతకాలం వైద్యం పట్టదు. ఆ చేతిని మోకాలి మీద బోర్లా పెట్టించి, "ఆపానో లేదో తెలియదు, తెలియకుండానే కూర్చుంటాను" అని ఆయన నోటితో అనిపించాం. నలభై నిమిషాలకు ఎనభై కాస్తా యాభై అయింది. ఒకవేళ తగ్గకపోయినా ఆ రోజు వృథా అయ్యేది కాదు, ఎందుకంటే బెదురును మోస్తూ కూడా కూర్చోగలనని, కూర్చున్నందుకు ఏ ప్రమాదమూ జరగలేదని శరీరానికి తెలియడమే అసలు పాఠం.

సైనికుడికి ఈ పాఠం మిగతావాళ్లకంటే కొంచెం కష్టం. అనుమానం వస్తే తేల్చుకునే దాకా వదలకూడదన్నది ఆయన ఇరవై నాలుగేళ్లు ప్రాణానికి ప్రాణంగా పాటించిన నియమం. తేల్చుకోకుండా వదిలేయమని ఇప్పుడు మేము అడుగుతున్నాం. దాన్ని గౌరవంతో, కారణం వివరించి అడగాలి. అలా అడిగితే, కష్టమైన పనిని రోజూ అదే వేళకు, తప్పించుకోకుండా చేయడంలో మాజీ సైనికులను మించినవాళ్లను నేను చూడలేదు.

వీడియోలో చేసిన ఈఆర్‌పీ ఫలితాల మీద అమెరికాలో జరిగిన ఒక పెద్ద అధ్యయనం 2022లో వెలువడింది. అందులో 3,552 మంది పెద్దవాళ్లకు వీడియో ద్వారా వైద్యం చేస్తే లక్షణాల తీవ్రత సగటున నూటికి 43 వంతులు తగ్గింది, నూటికి సుమారు 63 మందిలో వైద్యం పనిచేసినట్టు తేలింది. వాళ్లందరూ సైనికులు కారు, మనవాళ్లూ కారు, ఆ తేడాను మరిచిపోకూడదు. అయినా జబ్బు ఒకటే, పద్ధతి ఒకటే కాబట్టి, ఫోన్లో చూస్తే ఏమవుతుందిలే అన్న మాటకు అది తగిన జవాబు. ఒక్కటి మాత్రం మిగిలింది. ఓసీడీ సాధారణంగా చిన్న వయసులో, ఎక్కువగా ఇరవై అయిదేళ్లలోపే మొదలవుతుంది. మీవారికి సర్వీసులో ఉండగానే ఇలాంటిది ఉండేదేమో మెల్లగా అడగండి. నలభై దాటాకే కొత్తగా వచ్చిందని తేలితే, తలకు దెబ్బలు తగిలాయా, నరాల జబ్బేమైనా ఉందా అని ఒకసారి ఎదురుగా పరీక్ష చేయించడం తప్పనిసరి. ఆ ఒక్క ప్రయాణానికి మీ అబ్బాయి వచ్చి, తాళం తానే వేసి తీసుకెళ్లడంలో తప్పు లేదు.

ఇక మీ పాత్ర. ఒట్టు వేయడం రేపటి నుంచి హఠాత్తుగా మానేయకండి, ఇంట్లో గొడవ అవుతుంది. వీడియోలో మీరూ కూర్చున్న రోజున, ఆయన ఒప్పుకోలుతో, ముందుగా రాత్రికి మూడుసార్లే జవాబు చెబుతానని, తర్వాత ఒకసారేనని, ఆ తర్వాత అసలు చెప్పనని మాట అనుకోండి. అడిగినప్పుడు, "ఇది జబ్బు అడుగుతున్న ప్రశ్న, దీనికి జవాబు చెప్పకూడదని మనం అనుకున్నాం కదా" అని శాంతంగా అనండి. ఆయన నిద్రపోయాక మీరు లేచి గుట్టుగా గడియ చూసి రావడం కూడా వద్దు. చాలామంది ఇల్లాళ్లు కొన్నేళ్లకు ఆ అలవాటులో పడిపోతారు.

ప్రశ్న: నేను సుబేదారుగా రిటైరై ఒంగోలులో ఉంటున్నాను. వయసు అరవై రెండు. 1999లో కార్గిల్ సమయంలో కశ్మీరులో ఉన్నాను. రెండేళ్లుగా, మనవడు పక్కన ఉన్నప్పుడు వంటింట్లో కత్తి కనబడితే, దాన్ని తీసి వాణ్ని పొడిచేస్తానేమోనన్న ఆలోచన వస్తోంది. వాడంటే నాకు ప్రాణం. కత్తులన్నీ దాచేశాను, వాణ్ని ఎత్తుకోవడం మానేశాను. కోడలు నేను మారిపోయానని అనుకుంటోంది. ముప్పై ఏళ్ల వయసులో దేవుడి పటం చూస్తే బూతులు మనసులోకి వచ్చేవి, కొన్నాళ్లకు అవే పోయాయి. ఇది యుద్ధం వల్ల వచ్చిందా? వీడియోలో డాక్టరుకు ఇది చెబితే రికార్డు చేసి పోలీసులకు ఇస్తారా? రాత్రి రెండు పెగ్గులు లేకుండా నిద్ర పట్టడం లేదు. నాకు లైసెన్సు తుపాకీ కూడా ఉంది.

జవాబు: సుబేదారు గారూ, ఈ ఉత్తరం రాయడానికి మీరెంత తెగించి ఉంటారో నాకు అర్థమైంది. మీరు రాసినది ఓసీడీలో బాగా తెలిసిన రూపం. కీడు తలపెడతానేమోనన్న భయం, ముప్పై ఏళ్ల వయసులో దేవుడి పటం ముందు వచ్చిన బూతులు, ఈ రెండూ ఒకే చెట్టు కొమ్మలు. ఇలాంటి పాడు ఆలోచన ఏ జబ్బూ లేనివాళ్లకు కూడా ఎప్పుడో ఒకసారి మెరుస్తుంది. బాల్కనీలో నిలబడి పిల్లవాణ్ని ఎత్తుకున్న తల్లికి "విసిరేస్తానేమో" అనిపించడం అసాధారణమేమీ కాదు. ఆమె ఉలిక్కిపడి, మరుక్షణం మరిచిపోతుంది. ఓసీడీ ఉన్నవారు, ఆ ఆలోచన వచ్చిందంటే తాము అలాంటివాళ్లమేనని తమ మీద తామే నేరం మోపుకుంటారు. మీకు ప్రాణమైన బిడ్డ చుట్టూనే అది తిరగడం యాదృచ్ఛికం కాదు, మనిషి దేన్ని ఎక్కువగా ప్రేమిస్తే దాన్నే ఈ జబ్బు పట్టుకుంటుంది.

యుద్ధం సంగతి. దాడి, పేలుడు, తోటివాడి మరణం లాంటివి చూసినవారికి వచ్చే జబ్బు వేరు, దాన్ని పీటీఎస్‌డీ అంటారు. అందులో మనసు జరిగిపోయినదాని దగ్గరకు వెనక్కి వెళుతుంది: పీడకలలు, చప్పుడుకు ఉలికిపాటు, ఆ చోటు మళ్లీ కళ్ల ముందు నిలవడం. ఓసీడీలో మనసు జరగనిదాన్ని ముందుకు తెచ్చి "జరిగితే" అని అడుగుతుంది. రెండూ కలిసి ఉన్న మాజీ సైనికులు కూడా ఉన్నారు, వాళ్లకు రెండిటికీ వైద్యం వేర్వేరుగా కావాలి. మీ ఉత్తరంలో మొదటిదాని లక్షణాలు నాకు కనబడలేదు, కాని కశ్మీరు రోజుల గురించి చికిత్సకుడు అడిగితే దాచకుండా చెప్పండి.

మీ ఆలోచనను చెప్పినంతమాత్రాన ఎవరూ పోలీసులకు ఇవ్వరు. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం మీ వివరాలను గోప్యంగా ఉంచే హక్కు మీకు ఇచ్చింది. ఎవరికైనా నిజమైన ముప్పు ఉండడం, కోర్టు ఆదేశించడం లాంటి కొన్ని సందర్భాల్లోనే దానికి మినహాయింపు. తన ఆలోచనకు తానే హడలిపోయి కత్తులు దాచుకునే మనిషిని ఓసీడీ తెలిసిన చికిత్సకుడు ముప్పుగా చూడరు. తెలియనివారు పొరపడే అవకాశం ఉంది కాబట్టి, మొదటి కాల్‌లోనే "ఓసీడీకి ఈఆర్‌పీ చేసిన అనుభవం మీకుందా" అని అడగండి. వీడియో రికార్డు చేయడానికి మీ అనుమతి ఉండాలి, వద్దనే హక్కు మీకుంది.

మీ వైద్యంలో మెట్లు ఇలా ఉండవచ్చు: ముందు ఆ ఆలోచనను మీ చేతితో కాగితం మీద రాయడం, తర్వాత దాన్ని మీ గొంతుతోనే ఫోన్లో రికార్డు చేసుకుని రోజూ వినడం, తర్వాత కత్తులు వాటి చోట పెట్టేయడం, మనవడు వంటింట్లో ఆడుకుంటుండగా మీరు కూరగాయలు తరగడం, చివరికి వాణ్ని ఎత్తుకుని పక్క వీధి దాకా నడవడం. చదువుతుంటేనే గుండె దడ పెరిగి ఉంటుంది. మొదటి మెట్టు కాగితం మాత్రమే, కత్తి కాదు. ఫోను వంటింట్లో ఉంటుంది కాబట్టి చికిత్సకుడు ఆ గట్టు దగ్గర మీతోనే ఉన్నట్టు లెక్క.

రెండు విషయాల్లో మాత్రం గట్టిగా చెప్పవలసి ఉంది. క్యాంటీన్ రమ్ము ఆ రాత్రికి భయాన్ని కప్పుతుంది, తెల్లవారేసరికి పెంచుతుంది, మందుల పనిని చెడగొడుతుంది. రోజూ తాగేవారు ఉన్నట్టుండి మానేస్తే వణుకు, మూర్ఛ రావచ్చు కాబట్టి డాక్టరుకు చెప్పి తగ్గించుకోండి. ఇక తుపాకీ. మీరు మనవడికి హాని చేస్తారని నేను భయపడడం లేదు. కాని చాలాకాలంగా నలిగిపోయిన మనిషికి, తాగిన రాత్రి, బతుకు మీద విరక్తి కలిగే క్షణం ఒకటి వస్తే అప్పుడు ఇంట్లో తుపాకీ ఉండకూడదు. ఎన్నికలప్పుడు స్టేషన్లో జమ చేసినట్టే వైద్యం పూర్తయ్యేదాకా జమ చేయండి. చావాలన్న ఆలోచన ఎప్పుడు వచ్చినా 14416కు ఫోను చేయండి. అది టెలీ మానస్, 2022 అక్టోబరు 10న మొదలైంది, రాత్రింబవళ్లు తెలుగులో మాట్లాడతారు. సైనిక దళాలవారి కోసం పుణేలోని సైనిక వైద్య కళాశాలలో దాని ప్రత్యేక విభాగాన్ని 2023 డిసెంబరులో ప్రారంభించారు.

కోడలికి ఒక్క మాట చెప్పండి, పూర్తిగా కాదు. "నాకు భయాల జబ్బుంది, వైద్యం మొదలుపెట్టాను, బాబును దూరం పెట్టింది అందుకే" అంటే చాలు.

ప్రశ్న: మా నాన్నగారు మాజీ సైనికులు, మాది కందుకూరు. చేతులు కడిగే ఓసీడీ అని తేలింది. వీడియో వైద్యం చేసేవారు అసలైనవారో కాదో ఎలా తెలుసుకోవాలి? ఖర్చు ఈసీహెచ్ఎస్ (మాజీ సైనికుల ఆరోగ్య పథకం) కింద వస్తుందా? మాది రెండు గదుల ఇల్లు, సిగ్నల్ మిద్దె మీదే సరిగా ఉంటుంది. వైద్యం చేయించుకుంటే పింఛను ఆగిపోతుందని నాన్న భయం.

జవాబు: ముందు పింఛను మాట. రిటైరైన తర్వాత మానసిక వైద్యం చేయించుకున్నందుకు సర్వీసు పింఛను ఆగదు. సర్వీసులో ఉండగా మెడికల్ కేటగిరీ దిగిపోతుందన్న భయంతో దాచుకున్నవారు ఆ భయాన్ని ఇంటికి కూడా వెంటబెట్టుకుని వస్తారు. నాన్నగారికి ఈ వాక్యం మీరు రెండుసార్లు చదివి వినిపించండి.

మన దేశంలో వీడియో వైద్యానికి 2020 మార్చి 25న విడుదలైన టెలీమెడిసిన్ మార్గదర్శకాలు ఆధారం. వాటి ప్రకారం వీడియోలో చూసే డాక్టరు తన రిజిస్ట్రేషను నంబరు చెప్పాలి, చీటీ రాసి ఇవ్వాలి. మందులు రాసేది సైకియాట్రిస్టు. ఈఆర్‌పీ చేసే క్లినికల్ సైకాలజిస్టుకు భారత పునరావాస మండలి గుర్తింపు ఉండాలి, ఆ నంబరు అడగడంలో మొహమాటం వద్దు. కౌన్సెలర్ అని బోర్డు పెట్టుకున్న ప్రతివారికీ ఈ పద్ధతి రాదు. ప్రతి వారం మంచి మాటలు చెప్పి, "ఏం కాదు, ధైర్యంగా ఉండండి" అని ఫోను పెట్టేసేవారి వల్ల నాన్నగారికి ఉపయోగం లేదు. పైగా అది ఆయన అడిగే భరోసానే డబ్బులిచ్చి కొనుక్కున్నట్టు అవుతుంది. మొదటి రెండు కాల్స్‌లో భయాల జాబితా తయారు కాకపోతే, యేల్-బ్రౌన్ కొలమానంతో తీవ్రతను లెక్కగట్టకపోతే, ఇంటి దగ్గర రోజూ చేయవలసిన అభ్యాసం ఇవ్వకపోతే ఇంకొకరిని చూసుకోండి. ఆ కొలమానంలో పది ప్రశ్నలు, మొత్తం 40 మార్కులు. 16 నుంచి మధ్యస్థం, 24 నుంచి తీవ్రం. మొదట్లో, మధ్యలో, చివర్లో కొలిస్తేనే తగ్గుతోందో లేదో తెలుస్తుంది. మార్కులు మూడో వంతుకు పైగా తగ్గితే వైద్యం పట్టినట్టు.

ఖర్చు విషయంలో నాన్నగారి కార్డు తీసుకుని ముందు ఈసీహెచ్ఎస్ పాలీక్లినిక్కుకే వెళ్లండి. ఆ పథకం 2003 ఏప్రిల్ నుంచి నడుస్తోంది. ఓసీడీ మందులు, ఎంపానెల్ చేసిన (పథకం జాబితాలో ఉన్న) ఆసుపత్రికి రిఫరల్ అక్కడి నుంచే రావాలి. బయట మీరు సొంతంగా కుదుర్చుకున్న వీడియో సెషన్ల డబ్బు తిరిగి వస్తుందన్న ఆశతో మొదలుపెట్టకండి, రాతపూర్వకంగా అడిగి తెలుసుకున్నాకే అడుగు వేయండి. రక్షణ శాఖ 2021 మేలో ప్రారంభించిన సెహత్ అనే ఆన్‌లైన్ వైద్య సేవ మాజీ సైనికులకు కూడా వర్తిస్తుంది. అమెరికాలో మాజీ సైనికుల శాఖ తమ వైద్యులు ఏ రాష్ట్రం నుంచి ఏ రాష్ట్రంలోని రోగినైనా వీడియోలో చూడవచ్చని 2018లోనే నియమం మార్చింది. మన పాలీక్లినిక్కుల్లోనూ ఈఆర్‌పీ తెలిసిన సైకాలజిస్టు తెర మీద వారానికి ఒక రోజు కూర్చుంటే ఉదయగిరి నుంచి, కనిగిరి నుంచి ఎంతమందికి మేలు జరుగుతుందో కదా అని నాకు తరచూ అనిపిస్తుంది.

మాట్లాడుకునే భాగం మిద్దె మీద చేయండి, పొద్దున్నే అయితే ఎండ బాధ ఉండదు. ఇయర్‌ఫోన్లు పెట్టుకుంటే చికిత్సకుడి మాట పక్కింటికి వినపడదు. అభ్యాసం మాత్రం కుళాయి దగ్గరే జరగాలి కాబట్టి, అక్కడ వీడియో ఆగిపోతే మామూలు కాల్ కొనసాగించమని ముందే అనుకోండి. కుళాయి కట్టేసి, సబ్బు తీయకుండా, చెప్పులు తాకిన చేతితో నాన్నగారు అన్నం గిన్నె మూత తీస్తున్నప్పుడు మీరు గదిలో ఉండి "ఏం కాదు నాన్నా" అనకండి. ప్రతి సెషను మొదట్లో మీరున్న చిరునామా, పక్కనున్నవారి ఫోను నంబరు చికిత్సకుడి దగ్గర ఉండాలి, అత్యవసరమైతే అదే ఆధారం.

ప్రశ్న: మా అన్నకు ఓసీడీకి మాత్రలు రాశారు. మూడు వారాలైనా గుణం లేదని ఆపేశాడు. మందులతోనే పోదా? ఈ వీడియో అభ్యాసాలు తప్పనిసరా? మాది చీమకుర్తి.

జవాబు: మూడు వారాలకు ఈ మందులు తీర్పు చెప్పవు. ఫ్లూఆక్సెటిన్, ఫ్లూవోక్సమిన్, సెర్ట్రాలిన్ వంటివి దిగులు జబ్బుకు కూడా వాడతారు. అయితే ఓసీడీకి వాటి మోతాదు తరచుగా ఎక్కువ కావాలి, పనిచేయడానికి ఎనిమిది నుంచి పన్నెండు వారాలు పడుతుంది. మొదటి పది రోజులు వికారం, కొంత అలజడి కలగడం సహజం. చాలామంది అక్కడే ఆపేసి, మందు పడలేదని నిశ్చయించుకుంటారు. అన్నను డాక్టరుతో మాట్లాడి మళ్లీ మొదలుపెట్టమనండి, తనంతట తాను పాత మోతాదుతో మొదలుపెట్టవద్దు. క్లోమిప్రమిన్ అనే పాత మందు కూడా బాగా పనిచేస్తుంది. కాని అది గుండె మీద ప్రభావం చూపగలదు కాబట్టి, వయసు మీరినవారికి ఈసీజీ తీయించి ఇస్తే మంచిది, ఆ పని వీడియోలో కుదరదు.

మందు భయం జోరు తగ్గిస్తుంది. చేతికి పట్టిన అలవాటును వదిలించేది అభ్యాసమే. జబ్బు తక్కువగా ఉన్నవారికి అభ్యాసం ఒక్కటే సరిపోవచ్చు, తీవ్రంగా ఉన్నవారికి రెండూ కలిపి ఇవ్వడం మేలు. గుణం కనబడ్డాక కనీసం ఏడాది, రెండేళ్లు మందు కొనసాగించి, డాక్టరు చెప్పినట్టు కొద్దికొద్దిగా తగ్గించాలి. మానేసిన కొన్ని నెలలకు జబ్బు మళ్లీ తలెత్తడం చాలామందిలో చూస్తాం. అందుకే మందు తగ్గించే ఆ నెలల్లో నెలకొకసారి వీడియోలో కనబడమని మా దగ్గరకు వచ్చేవారికి చెబుతాం. ఆ కాల్ ఇరవై నిమిషాలకు మించదు, మీ అన్నకైతే చీమకుర్తి నుంచి ఒంగోలు బస్సు ఎక్కే పని కూడా ఉండదు.